మెట్లు లేని రంగస్థలం: గ్రేఐ నాటక సంస్థ ఎదిగిన తీరు



జీవితమంతా రంగస్థలానికి ధారపోసిన మనిషి పేరిట జరిగే ఉపన్యాసంలో నాటకం గురించే మాట్లాడటం న్యాయం. ఈ రోజు నేను మాట్లాడబోయేది 1980లో పుట్టి, లండన్ కేంద్రంగా నేటికీ పనిచేస్తున్న ఒక నాటక సంస్థ గురించి. దాని పేరు గ్రేఐ. వికలాంగులు, వినికిడి లేనివారు నటించి, రాసి, దర్శకత్వం వహించే వృత్తి నాటక సంస్థ అది. గ్రీకు పురాణాల్లో ముగ్గురు అక్కచెల్లెళ్లుంటారు. ముగ్గురికీ కలిపి ఒకటే కన్ను, ఒకటే పన్ను. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చుకుంటూ చూస్తారు, తింటారు. ఆ ముగ్గురి పేరే సంస్థకు పెట్టుకున్నారు.

దూరదేశపు సంస్థ మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మన దగ్గర ఒక నాటక సమాజం ఎదిగిందంటే ఎన్ని ప్రదర్శనలిచ్చింది, ఎన్ని పరిషత్తుల్లో బహుమతులు తెచ్చుకుంది, సొంత భవనం కట్టుకుందా అని చూస్తాం. గ్రేఐకి ఇవన్నీ ఉన్నాయి. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఇంకొకటి. మేమూ నటించగలమని నిరూపించుకోవడానికి వేదిక ఎక్కినవాళ్లు, రెండు దశాబ్దాలు తిరిగేసరికి నాటకం తయారయ్యే పద్ధతినే మార్చేశారు. ఒక వికలాంగుల కళాసంస్థకు ఇంతకన్నా పెద్ద ఎదుగుదల ఉండదని నా నమ్మకం. అదెలా జరిగిందో మీ ముందు పెట్టాలని వచ్చాను.

ముందుగా మన ఇంటి విషయం ఒకటి. 1985లో సింగీతం శ్రీనివాసరావు గారి 'మయూరి' వచ్చింది. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత కుడికాలు పోగొట్టుకుని, జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ గజ్జె కట్టిన సుధాచంద్రన్ కథ అది. ఆ కథలో నటించింది సుధాచంద్రనే. ఆ రోజుల్లో తెలుగు ఊళ్లలో ఆ సినిమా చూసి కళ్లు తుడుచుకోని ఇల్లు లేదు. ఒక వికలాంగ కళాకారిణి తన కథను తన శరీరంతోనే వెండితెర మీద చెప్పడం మనం చేసి చూపించిన పని. దానికి మనం గర్వపడాలి.

అయితే తర్వాత ఏం జరిగింది? మరుసటి ఏడాది 'సిరివెన్నెల'లో చూపు లేని వేణువాద్యకారుడు, మాట రాని చిత్రకారిణి కథానాయకులు. 2016లో 'ఊపిరి'లో చక్రాల కుర్చీలోని మనిషి, 2017లో 'రాజా ది గ్రేట్'లో చూపు లేని యువకుడు, 2018లో 'రంగస్థలం'లో సరిగా వినపడని చిట్టిబాబు. ఈ పాత్రలన్నీ వైకల్యం లేని నటులే వేశారు. వాళ్లలో గొప్ప నటులున్నారు, ఆ సినిమాల్లో నాకు ప్రాణప్రదమైనవీ ఉన్నాయి. నా బాధ వాళ్ల మీద కాదు. 'మయూరి' తెరిచిన తలుపు ఆమె ఒక్కరూ లోపలికి వెళ్లగానే మూసుకుపోయింది. ఆమె వెనక ఇంకో పదిమందిని తయారుచేసే సంస్థ మనకు లేదు. అద్భుతమైన ఒక వ్యక్తికీ, నిలకడగా పనిచేసే ఒక సంస్థకూ ఉన్న తేడా అదే. ఆ తేడాను గ్రేఐ కథలో స్పష్టంగా చూడవచ్చు.

కథ మొదలైంది లండన్‌లో కాదు, కొవెంట్రీ నగరంలో. వికలాంగ యువకుల కోసం 1970ల మొదట్లో అక్కడ హెరెవార్డ్ కాలేజీ అని ఒక రెసిడెన్షియల్ కాలేజీ వచ్చింది. అందులో పాఠాలు చెప్పే రిచర్డ్ టామ్లిన్‌సన్‌కు నాటకమంటే పిచ్చి. అక్కడ చదువుకోవడానికి వచ్చిన నబీల్ షబాన్‌కు నటుడు కావాలన్నది తప్ప వేరే ఆలోచన లేదు. జోర్డాన్‌లోని అమ్మాన్‌లో 1953లో పుట్టిన షబాన్‌కు ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు. చక్రాల కుర్చీలోనే జీవితం. ఆ రోజుల్లో అలాంటి మనిషిని చేర్చుకునే డ్రామా స్కూలు ఇంగ్లండులో లేదు. చేర్చుకోకపోవడానికి వాళ్లు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: నీకు శిక్షణ ఇచ్చినా పాత్రలెవరిస్తారు? పాత్రలిచ్చేవాళ్లు చెప్పే కారణమూ ఒకటే: నీకు శిక్షణ లేదు కదా. మనలో నాటకం ఆడిన ప్రతివాడికీ ఈ రెండు మాటలు కలిసి ఎంత గట్టి గోడ కడతాయో తెలుసు.

ఈ ఇద్దరూ కలిసి కాలేజీలోనే ప్రదర్శనలు మొదలుపెట్టి, 1980లో గ్రేఐ స్థాపించారు. మొదటి నాటకం 'సైడ్‌షో'. పాతకాలం తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో గుడారం వేసి, టికెట్ పెట్టి వింత శరీరాలను చూపించే ఆట పేరు అది. గ్రేఐ నటులు ఆ గుడారాన్నే తమ నాటకానికి రంగస్థలం చేసుకున్నారు. వాళ్ల ఆలోచన చాలా సూటిగా ఉంది. మమ్మల్ని వీధిలో, బస్సులో, ఆస్పత్రిలో ఎలాగూ తేరిపార చూస్తున్నారు. ఆ చూపుకే టికెట్ పెడదాం. చూడటానికి వచ్చినవాళ్లను మేమూ చూద్దాం. ప్రేక్షకుడు చీకట్లో కూర్చుని హాయిగా చూసే హక్కును వాళ్లు మొదటి నాటకంతోనే ప్రశ్నించారు.

ఈ చూపు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మన సదరం శిబిరాలు గుర్తుకొస్తాయి. పింఛను కావాలన్నా, బస్సు పాసు కావాలన్నా ముందు డాక్టరు ముందు నిలబడి శరీరాన్ని చూపించాలి. ఎంత శాతమో ఆయన రాయాలి. 40 శాతానికి చేరితే ఒక బతుకు, చేరకపోతే ఇంకొకటి. ఏజెన్సీ ఊళ్ల నుంచి, తండాల నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి ఆస్పత్రి వరండాలో వరుసగా కూర్చున్నవాళ్లను చూడండి. చిన్నప్పటి నుంచీ వాళ్లు తమ వైకల్యాన్ని ఎవరో ఒకరి ముందు ప్రదర్శిస్తూనే ఉన్నారు. ఆ ప్రదర్శనకు ఏనాడూ వాళ్లు దర్శకులు కాలేదు. షబాన్, టామ్లిన్‌సన్ చేసిందల్లా ఆ దర్శకత్వాన్ని వికలాంగుల చేతికి ఇవ్వడమే.

గ్రేఐ పుట్టిన మరుసటి ఏడాది, 1981ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. సభలు, సన్మానాలు, విరాళాలు జోరుగా సాగుతున్న ఆ ఏడాదే ఇయన్ డ్యూరీ అనే గాయకుడు 'స్పాస్టికస్ ఆటిస్టికస్' అని ఒక పాట చేశాడు. ఆయనకు ఏడేళ్ల వయసులో పోలియో వచ్చింది. వికలాంగుల సంవత్సరం పేరిట కురిసిన జాలి మీద కోపంతో, తనను వెక్కిరించడానికి వాడిన మాటనే జెండాలా ఎత్తి పట్టుకుని పాడిన పాట అది. బీబీసీ ఆ పాట ప్రసారంపై ఆంక్ష పెట్టింది. ఈ పాటను మనసులో ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

1980ల్లో గ్రేఐ పని ఎక్కువగా ఊరూరా తిరగడం. బడుల్లో, కమ్యూనిటీ హాళ్లలో, డే సెంటర్లలో ప్రదర్శనలు. దర్శకులు మారారు, డబ్బు ఎప్పుడూ చాలలేదు. ఇదే కాలంలో సంస్థ చుట్టూ ఒక ఉద్యమం పెరిగింది. వైకల్యం మనిషి శరీరంలో లేదు, ఆ శరీరానికి అడ్డంగా సమాజం కట్టిన మెట్లలో, మూసిన తలుపుల్లో ఉందన్న వాదనను బ్రిటన్‌లోని వికలాంగులు 1970ల మధ్య నుంచే చేస్తూ వచ్చారు. 1983లో మైక్ ఆలివర్ దానికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. ఆ వాదనను వీధిలోకి తెచ్చింది మాత్రం కళాకారులే. టీవీలో గంటల తరబడి సాగే టెలిథాన్ అనే విరాళాల కార్యక్రమంలో వికలాంగ పిల్లల్ని చూపించి కన్నీళ్లు తెప్పించి డబ్బు పోగుచేసేవారు. 1990లో, మళ్లీ 1992లో ఆ టీవీ స్టూడియో బయట వందలమంది వికలాంగులు గుమిగూడి పాటలు పాడారు, నినాదాలిచ్చారు. ఆ ఉద్యమాన్ని నడిపినవాళ్లలో పాటలు కట్టే జానీ క్రెసెండో ఉన్నాడు, స్టాండప్ కామెడీ చేసే బార్బరా లిసికీ ఉంది. 1992 తర్వాత ఆ టెలిథాన్ మళ్లీ జరగలేదు. 1995లో వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. వాళ్లు కోరుకున్నంత బలమైనది కాకపోయినా, వచ్చింది.

మనకూ 1995లోనే మొదటి వికలాంగుల చట్టం వచ్చింది. మన ఉద్యమాల చరిత్ర వేరు, దాని మీద మాట్లాడటానికి నాకన్నా అర్హులు ఈ సభలోనే ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఏటా డిసెంబరు 3న మన జిల్లా కేంద్రాల్లో వికలాంగుల దినోత్సవం జరుగుతుంది. పిల్లలు పాటలు పాడతారు, ట్రైసైకిళ్ల పందాలు పెడతారు, అధికారులు శాలువాలు కప్పుతారు. ఆ పాడే పిల్లల్లో నిజమైన గొంతులున్నాయి, నేను విన్నాను. ఆ గొంతును డిసెంబరు 4న ఎవరు సానపడతారు? గ్రేఐ చేసింది సరిగ్గా డిసెంబరు 4 పని.

1990ల్లో ఈవాన్ మార్షల్ కళాదర్శకుడిగా ఉన్న కాలంలో సంస్థ ధైర్యం పెరిగింది. వైకల్యం గురించి రాసిన నాటకాలే వేయాలన్న హద్దు పోయింది. ఫ్రెంచి నాటకకర్త జారీ రాసిన 'ఉబు'ను 1994లో వేశారు, పేరున్న హాస్యనాటకాలనూ వేశారు. బొంబాయిలో పుట్టి పెరిగిన పార్సీ రచయిత ఫిర్దౌస్ కంగా నాటకాన్ని కూడా ఈ కాలంలోనే ప్రదర్శించారు. షబాన్ లాగే కంగాకూ పెళుసు ఎముకల జబ్బే. తన ఆత్మకథాత్మక నవల ఆధారంగా వచ్చిన 'సిక్స్త్ హ్యాపీనెస్' సినిమాలో ఆయన తన పాత్రను తానే వేశారు. 'మయూరి'కి ఒక దూరపు చుట్టం అనుకోండి.

ఇప్పుడు అసలు మలుపు దగ్గరికి వస్తున్నాను. 1997లో జెన్నీ సీలీ గ్రేఐ కళాదర్శకురాలయ్యారు. ఏడేళ్ల వయసులో వినికిడి పోయిన మనిషి ఆమె. అంతకుముందు నటిగా ఆ సంస్థలో పనిచేశారు. వినికిడి లేని దర్శకురాలు రావడంతో రిహార్సల్ గదిలోనే మొదటి మార్పు వచ్చింది. ఆమెకు నటుల మాట అందాలంటే సంజ్ఞా భాష వ్యాఖ్యాత మొదటి రోజు నుంచీ ఉండాలి. నటుల్లో చూపు లేనివాళ్లుంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఏ సైగ చేశారో మాటల్లో చెప్పాలి. మాట తడబడే నటుడుంటే అతని సంభాషణ అక్షరాల్లో కనపడాలి. ఒకే గదిలో ఈ అవసరాలన్నీ కలిస్తే ఎవరికైనా ఇది నాటకమా, సర్దుబాటా అనిపిస్తుంది. సీలీ దీన్ని సర్దుబాటుగా చూడలేదు. ఇదే మా శైలి అన్నారు.

మామూలు నాటకశాలల్లో అప్పటికి ఉన్న ఏర్పాటు ఏమిటంటే, నాటకం అంతా తయారయ్యాక ఏదో ఒక ప్రదర్శనకు మాత్రం సంజ్ఞా భాష వ్యాఖ్యాతను పిలిచి వేదిక ఓ మూలన నిలబెట్టడం. వినికిడి లేని ప్రేక్షకుడు నటుణ్ణి చూడాలా, మూలన ఉన్న చేతుల్ని చూడాలా తేల్చుకోలేక రెంటినీ పోగొట్టుకునేవాడు. గ్రేఐ ఆ మూలను మధ్యలోకి తెచ్చింది. సంజ్ఞ చేసే మనిషి ఒక పాత్ర అయ్యాడు. దృశ్య వర్ణన సంభాషణలో కలిసిపోయింది. వెనకతెర మీద పడే అక్షరాలు రంగాలంకరణలో భాగమయ్యాయి.

దీనికి రెండు ఉదాహరణలు వివరంగా చెప్పాలి. 2002లో కేట్ ఓరైలీ రాసిన 'పీలింగ్'. ముగ్గురు వికలాంగ నటీమణులు పెద్దపెద్ద గౌనుల్లో వేదిక మీద ఉంటారు. గ్రీకు విషాదనాటకం 'ట్రోజన్ స్త్రీలు' ఆధునిక రూపంలో ఎక్కడో పెద్ద ఎత్తున జరుగుతూ ఉంటుంది, వీళ్లు అందులో కోరస్. నాటక కంపెనీ మేమూ వికలాంగులకు అవకాశమిచ్చాం అని చెప్పుకోవడానికి తెచ్చి వెనక నిలబెట్టిన కోరస్. తమ వంతు రానప్పుడు వీళ్లు కబుర్లు చెప్పుకుంటారు, పోట్లాడుకుంటారు. ఆ కబుర్లలోంచి పిల్లల్ని కనడం గురించి, కననివ్వకపోవడం గురించి, వికలాంగ శిశువు బతకాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తారన్న దాని గురించి భయంకరమైన నిజాలు బయటికొస్తాయి. ట్రాయ్ యుద్ధంలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల కథ, వెనక నిలబడ్డ ఈ ముగ్గురి కథా ఒకటైపోతాయి. వేదిక మీద ఏం జరుగుతోందో ఆ పాత్రలే వర్ణిస్తారు, సంజ్ఞలతో చెబుతారు. చూపు లేని ప్రేక్షకుడి కోసం చేసిన వర్ణన, చూపున్న ప్రేక్షకుడికి ఆ స్త్రీల అంతరంగం అవుతుంది.

రెండోది 2006లో వేసిన 'బ్లాస్టెడ్'. సేరా కేన్ రాసిన ఆ నాటకంలో హింస చూడలేనంత తీవ్రంగా ఉంటుంది. లీడ్స్ నగరంలోని ఒక హోటల్ గది యుద్ధరంగం అయిపోతుంది. అందులో రచయిత్రి రంగసూచనలు సంభాషణలంత పదునైనవి. గ్రేఐ ప్రదర్శనలో నటులు ఆ రంగసూచనలను కూడా పైకి చదివారు. ఆలోచించండి: ఒక పాత్ర చేసిన ఘోరాన్ని ఆ నటుడే, ఏ ఉద్వేగమూ లేని గొంతుతో, ఇప్పుడు ఇది చేశాడు అని చెబుతాడు. చూపు లేని ప్రేక్షకులకు అది దారి చూపింది. మిగతావాళ్లకు కళ్లు మూసుకున్నా తప్పించుకునే వీలు లేకుండా చేసింది. నాటకకర్త రాసిన ప్రతి అక్షరమూ ప్రేక్షకుడికి చేరిన అరుదైన సందర్భం అది. రంగసూచనలు దర్శకుడి కోసం రాసుకున్న చీటీలని అనుకునే మన అలవాటును ఈ ఒక్క ప్రయోగం తిరగరాసింది. వికలాంగుల కళ అంటే ప్రధాన కళకు పక్కన పెట్టే చిన్న పీట అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ ఇచ్చే జవాబు ఇదే.

మరి ఇలా నటించగలిగే నటులు ఎక్కణ్ణుంచి వస్తారు? డ్రామా స్కూళ్లు ఇవ్వని శిక్షణ గ్రేఐ తానే ఇచ్చింది. 2000 ప్రాంతాల్లో లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో కలిసి 'మిస్సింగ్ పీస్' అనే కోర్సు నడిపింది. తర్వాతి కాలంలో వికలాంగ నాటక రచయితల కోసం 'రైట్ టు ప్లే' అని ఇంకొకటి మొదలుపెట్టింది. 2000ల చివర్లో హాక్నీ ప్రాంతంలోని కింగ్స్‌లాండ్ రోడ్డులో సొంత స్టూడియో ఏర్పాటుచేసుకుంది. చక్రాల కుర్చీలో వచ్చే నటుడు ఎవరి సాయమూ అడగకుండా రిహార్సల్ గదిలోకి వెళ్లగలిగే చోటు అది. మన ఊళ్లలో నేను చూసిన చాలా నాటకమందిరాల్లో ప్రేక్షకుల వైపు ర్యాంపు ఉంటుంది. గ్రీన్ రూముకు, వేదిక మీదికి మాత్రం మెట్లే. కట్టినవాళ్ల మనసులో వికలాంగుడు చూడటానికి వస్తాడు గానీ ఆడటానికి రాడు.

2010లో 'రీజన్స్ టు బి చియర్‌ఫుల్' వచ్చింది. ఇయన్ డ్యూరీ పాటలతో పాల్ సిరెట్ రాసిన సంగీత నాటకం అది. వికలాంగ నటులు, వాద్యకారులు కలిసి హాలు దద్దరిల్లేలా చేసిన ప్రదర్శన. చిన్న సంస్థ పెద్ద థియేటర్లకు వెళ్లింది. ఆ తర్వాత రెండేళ్లకు ఎవరూ ఊహించనిది జరిగింది. 2012 లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవానికి దర్శకత్వం వహించమని బ్రాడ్లీ హెమింగ్స్‌తో పాటు జెన్నీ సీలీని ఎంచుకున్నారు.

ఆగస్టు 29 రాత్రి. దాదాపు 80 వేలమందితో నిండిన స్టేడియం. స్టీఫెన్ హాకింగ్ కంప్యూటర్ గొంతుతో విశ్వం గురించి మాట్లాడారు. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్'లోని మిరాండా పాత్రలో ఒక వికలాంగ నటి లోకాన్ని చూడటానికి బయల్దేరింది, ప్రాస్పరోగా ఇయన్ మెకెలెన్ ఆమెను ముందుకు పంపారు. సర్కస్ విద్యల్లో శిక్షణ పొందిన వికలాంగ కళాకారులు ఆకాశంలో వేలాడుతూ విన్యాసాలు చేశారు. చేతులు లేకుండా పుట్టిన చిత్రకారిణి అలిసన్ లాపర్ నిండు గర్భిణిగా ఉన్నప్పటి శిల్పం బ్రహ్మాండమైన ప్రతిరూపంగా స్టేడియం మధ్యలో లేచింది. 1981లో బీబీసీ ఆంక్ష పెట్టిన 'స్పాస్టికస్ ఆటిస్టికస్'ను గ్రేఐ కళాకారులు అక్కడే పాడారు. 31 ఏళ్ల తర్వాత ఆ పాట ప్రపంచమంతా వింది. ఇయన్ డ్యూరీ 2000లోనే కన్నుమూశాడు. ఆ రాత్రి ఆయన ఉండాల్సింది.

ఇక్కడితో కథ ఆపేస్తే చక్కని విజయగాథ అవుతుంది. కానీ ఎదుగుదలంటే అలా మెట్టు మెట్టుగా పైకి పోయేది కాదు. అదే కాలంలో బ్రిటన్ ప్రభుత్వం పొదుపు పేరుతో వికలాంగుల సహాయాలను కోసేయడం మొదలుపెట్టింది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు తమ ఇళ్లలో స్వతంత్రంగా బతకడానికి సాయపడే ఇండిపెండెంట్ లివింగ్ ఫండ్‌ను 2015 జూన్ 30న మూసేసింది. పనిచేసే వికలాంగులకు వ్యాఖ్యాతలను, సహాయకులను ఇచ్చే 'యాక్సెస్ టు వర్క్' పథకం మీద పరిమితి పెట్టింది. పారాలింపిక్స్ ప్రారంభోత్సవం నడిపిన దర్శకురాలు తన వ్యాఖ్యాతల ఖర్చు కోసం బహిరంగంగా పోరాడాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టిన దేశమే చేతులు కట్టేసింది. ఒక కళాసంస్థ ఎంత ఎదిగినా, ఆ కళాకారుణ్ణి పొద్దున్నే మంచం మీంచి లేపి స్నానం చేయించే మనిషికి జీతం ఇచ్చే ఏర్పాటు లేకపోతే రిహార్సల్ మొదలవదు. కళకూ పింఛనుకూ సంబంధం లేదనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఆ కష్టకాలంలోనే సంస్థ చేసిన ఒక పని నాకు అన్నిటికన్నా నచ్చింది. 2014లో బ్రెహ్ట్ 'త్రీపెన్నీ ఒపేరా'ను నాలుగు పెద్ద ప్రాంతీయ థియేటర్లతో కలిసి వేశారు. ఆ అనుభవం నుంచి 'రాంప్స్ ఆన్ ది మూన్' అనే కూటమి పుట్టింది. ఇప్స్‌విచ్‌లోని న్యూ వూల్సీ థియేటర్ నాయకత్వంలో ఆరు థియేటర్లు వంతులవారీగా, వికలాంగులూ కానివారూ కలిసి నటించే పెద్ద నాటకాలు తయారుచేయడం మొదలుపెట్టాయి. 2016లో గోగోల్ 'ఇన్‌స్పెక్టర్ జనరల్'తో ఆరంభం. గ్రేఐ అందులో మార్గదర్శక భాగస్వామి. ముప్ఫై ఏళ్లు కష్టపడి సంపాదించిన విద్యను తన దగ్గరే దాచుకోకుండా మిగతా థియేటర్లకు నేర్పింది. కళారంగంలో ఇలాంటి ఉదారత చాలా అరుదు.

ఫలితం ఎలా కనిపించిందో చూడండి. 2015లో గ్రేఐ వేసిన 'ది సాలిడ్ లైఫ్ ఆఫ్ షుగర్ వాటర్' నాటకంలో నటించిన ఇద్దరిలో ఒకరు ఆర్థర్ హ్యూస్. కుడిచేయి పూర్తిగా ఎదగకుండా పుట్టిన యువకుడు. ఆ నాటకం రాసింది జాక్ థోర్న్. 2022లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 'మూడో రిచర్డ్' నాటకానికి హ్యూస్‌ను రాజుగా ఎంచుకుంది. షేక్‌స్పియర్ ఆ రాజును గూనివాడిగా, దుర్మార్గుడిగా చిత్రించాడు. శతాబ్దాల పాటు మంచి నటులు వీపుకు దిండు కట్టుకుని ఆ పాత్ర వేశారు. ఆ కంపెనీలో ఒక వికలాంగ నటుడు రిచర్డ్ పాత్ర వేయడం అదే మొదటిసారి. మన పద్యనాటకాల్లోనూ మంథర గూని కుట్రకు గుర్తు, ధృతరాష్ట్రుడి గుడ్డితనం పుత్రవ్యామోహానికి గుర్తు. ఆ పాత్రల్ని పక్కన పెట్టమని నేను అనను, అవి మహాపాత్రలు. చూపు లేని నటుడు ధృతరాష్ట్రుడిగా నిండుసభలో పద్యం అందుకుంటే ఆ చీకటికి మనం ఇంతకాలం చదువుకున్న అర్థమే మిగులుతుందా, ఇంకొకటి పుడుతుందా? నాకది చూడాలని ఉంది.

పెద్ద కంపెనీలే వికలాంగ నటుల్ని తీసుకుంటున్నప్పుడు ఇక ప్రత్యేక సంస్థ ఎందుకని బ్రిటన్‌లోనూ అడిగేవాళ్లున్నారు. నా అభిప్రాయంలో అవసరం ఇంకా ఉంది, ముందుకన్నా ఎక్కువగానే ఉంది. పెద్ద థియేటర్ ఒక నటుణ్ణి తీసుకుంటుంది, అతన్ని తన పద్ధతిలో ఇముడ్చుకుంటుంది. పద్ధతిని ప్రశ్నించే గది ఎక్కడో ఒకచోట ఉండాలి. 2020లో కరోనా వచ్చి థియేటర్లు మూతపడ్డప్పుడు గ్రేఐ వెంటనే వికలాంగ రచయితల చేత చిన్న నాటకాలు రాయించి, ఆన్‌లైన్‌లో వరుసగా ప్రదర్శించింది. ఇంట్లోంచి బయటికి రాలేని ప్రేక్షకుల గురించి వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

చివరగా మన పొరుగు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2016లో ఢాకాలో 'ఎ డిఫరెంట్ రోమియో అండ్ జూలియట్' ప్రదర్శించారు. బ్రిటిష్ కౌన్సిల్, ఢాకా థియేటర్ కలిసి చేసిన పని, సీలీ దర్శకత్వంలో గ్రేఐ భాగస్వామి. బంగ్లాదేశ్ వికలాంగ యువతీయువకులు ఆ నాటకంలో నటులు. వాళ్లలో చాలామందికి అంతకుముందు వేదిక అనుభవం లేదు. కొన్నేళ్ల పాటు వర్క్‌షాపులు జరిపి, నటులు తయారయ్యాకే నాటకం కట్టారు. మనలాంటి దేశం, మనలాంటి ఊళ్లు, మనలాంటి కరువు బడ్జెట్లు.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. దాని 29వ సెక్షను వికలాంగ కళాకారులకు, రచయితలకు సదుపాయాలు, ప్రోత్సాహం కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. కాగితం మీద హక్కు ఉంది, మనుషులున్నారు, నాటకమంటే ప్రాణమిచ్చే పరిషత్తులున్నాయి. కాబట్టి ఇక్కడున్న నాటక సమాజాల పెద్దలను నేను కోరేది చిన్న కోరిక. వచ్చే పరిషత్తుకు మీరు వేయబోయే ఖర్చుల పట్టీలో లైటింగుకు, మేకప్‌కు, రవాణాకు పక్కనే సంజ్ఞా భాష వ్యాఖ్యాత జీతం అని ఒక వరుస రాయండి. ఆ మనిషిని ప్రదర్శన రోజు కాకుండా మొదటి రిహార్సల్ రోజున పిలవండి. మీ ఊళ్లో అంధుల బడి, బధిరుల బడి ఎక్కడున్నాయో కనుక్కుని, నాటకం ఎంపిక చేయకముందే అక్కడికి వెళ్లండి.